టోకెన్ స్క్రీన్‌పై అదృశ్య హస్తం

"బెజవాడలో సగం నేరాలు బయటపడకపోవడానికి కారణం ఒక్కటే గోపాలం. నేను ఇంట్లో కూర్చుని ఉండటం," అన్నాడు వెంకటసుబ్బారావు, కాఫీ గ్లాసులోకి ఉఫ్ మని ఊది.

లెక్కల మాస్టారుగా రిటైరైన గోపాలకృష్ణకు స్నేహితుడి గొప్పలు వినడం అలవాటే. వెంకటసుబ్బారావు రిజిస్ట్రారాఫీసులో రిటైరైన వారం తిరక్కుండానే డిటెక్టివ్ అయిపోయాడు. ఇంతవరకూ ఛేదించింది ఒకే కేసు, పక్కింటి పాలప్యాకెట్ల దొంగతనం. ఆ దొంగ పిల్లి అని పక్కింటివాళ్ళకి ముందే తెలుసు. అయినా మొహమాటానికి ఆశ్చర్యపోయారు.

ఆవేళ గోపాలకృష్ణ చేసిన తప్పల్లా మనసు బాగోక నోరు జారడం. ఆయన చెల్లెలి కూతురు శాంభవి పటమటలో డాక్టర్ సాత్విక్ గారి పిల్లల క్లినిక్‌లో రిసెప్షనిస్టు. తండ్రి లేని ఆ ఇల్లు ఆ పిల్ల జీతం మీదే నడుస్తోంది. క్లినిక్ గుమ్మం లోపల ఒక టచ్‌స్క్రీన్ ఉంటుంది. వచ్చినవాళ్ళు దానిమీద ఫోన్ నంబరు నొక్కి టోకెన్ తీసుకోవాలి. జ్వరాల పిల్లలు, చీమిడి ముక్కుల పిల్లలు, వాళ్ళని ఎత్తుకున్న తల్లులు, అందరి వేళ్ళూ ఆ అద్దం మీదే. అందుకని శాంభవి మందు గుడ్డతో దాన్ని రోజూ ఎన్నోసార్లు తుడుస్తుంది. అయినా ల్యాబ్ వాళ్ళు దూదిపుల్లతో రాసుకెళ్ళి పరీక్ష చేసినప్పుడల్లా దానిమీద క్రిములు పుష్కలంగా ఉన్నాయనే రిపోర్టు వస్తోంది. డాక్టరుగారు పేషెంట్ల ముందే అరుస్తున్నారు. ఈసారి కూడా ఇలాగే వస్తే ఇంక పనిలోకి రావద్దన్నారు.

"నిజంగా తుడుస్తోందిరా, నా కళ్ళతో చూశాను. పిల్ల ఏడుస్తోంటే కడుపు తరుక్కుపోతోంది," అన్నాడు గోపాలకృష్ణ.

వెంకటసుబ్బారావు లేచి కిటికీ దగ్గరికెళ్ళి, బయటికి చూస్తూ నిలబడ్డాడు. బయట కొబ్బరిబోండాల బండి తప్ప ఏమీ లేదు.

"ఇది క్రిమియుద్ధం," అన్నాడు.

"ఏంటీ?"

"అమాయకుల వేళ్ళ మాటున అంతర్జాతీయ ముఠా ఆడుతున్న మృత్యుక్రీడ. ముందు పటమట, తరవాత ఢిల్లీ. రేపు మధ్యాహ్నం నాతో రా."

మర్నాడు ఆయన గడ్డం పెట్టుకుని వచ్చాడు. వెంట పిల్లలెవరూ లేకుండా పిల్లల క్లినిక్‌లో గడ్డంతో కూర్చోవడం ఎంత తెలివైన మారువేషమో గోపాలకృష్ణకి అర్థం కాలేదు. ఎదురుగా ఇంజెక్షను చేయించుకుని నవ్వుతున్న పిల్లవాడు ఆయన్ని చూసి గుక్కపెట్టాడు.

మధ్యాహ్నం క్లినిక్ ఖాళీ అయ్యాక వెంకటసుబ్బారావు జేబులోంచి ఒక టార్చిలైటు, ఒక పొట్లం తీశాడు. రెండూ వన్ టౌన్‌లో కొన్నవే. ఆ నీలం లైటుతో అక్కడి షావుకార్లు దొంగనోట్లు పట్టుకుంటారు. పొట్లంలోని పొడి మామూలుగా కంటికి ఆనదు, నీలం లైటు పడితే మాత్రం పచ్చగా మెరుస్తుంది.

"అంకుల్, ఇదేం పొడండీ? మా సార్ చూస్తే ఇవాళే పంపించేస్తారు," అంది శాంభవి.

"నువ్వు రోజూ చేసే పని చెయ్యమ్మా. మిగతాది మేధస్సుకి వదిలెయ్."

శాంభవి మందు గుడ్డతో స్క్రీనంతా తుడిచి, తడి తడిగానే వదిలేసి, వెనక గదిలోకి అన్నం తినడానికెళ్ళింది. వెంకటసుబ్బారావు ఆ తడిమీద పొడి చల్లి, షట్టరు దించి, గోపాలకృష్ణని ఎదురుగా ఉన్న జ్యూస్ షాపులోకి లాక్కెళ్ళాడు. ఇద్దరూ షట్టరు మీంచి చూపు తిప్పకుండా బత్తాయిరసం తాగారు. ఆ దారిన ఒక్క పురుగు కూడా లోపలికి వెళ్ళలేదు.

"నేరస్తుడు సాయంత్రం వస్తాడు. నేరం చేసినచోటికి తిరిగిరాకుండా ఉండలేడు," అన్నాడు డిటెక్టివు.

సాయంత్రం షట్టరెత్తగానే మొదట వచ్చిన మనిషి సంజీవరావు. ఉయ్యూరు దగ్గర చెరకు రైతు. మనవరాలికి జ్వరమని తీసుకొచ్చాడు. పాపం, ఇంకా స్క్రీన్ దగ్గరికైనా పోలేదు. వెంకటసుబ్బారావు గబగబా కర్టెన్లు లాగి నీలం లైటు వేశాడు.

సంజీవరావు మెరిశాడు. లాల్చీ మెరిసింది, పంచె మెరిసింది, భుజం మీద కండువా మెరిసింది. ఆ చీకట్లో మొహం తప్ప మనిషంతా కళకళలాడిపోయాడు.

"దొరికావ్! నిలువెల్లా సాక్ష్యం పూసుకుని నా ముందుకే వచ్చావా!"

"ఎవరండీ ఈయన? నేను ఉయ్యూరు నుంచి పిల్ల జ్వరం చూపిద్దామని వస్తే, కర్టెన్లేసి మీదపడతాడేంటి?" అన్నాడు సంజీవరావు బిత్తరపోయి.

"ముఠాలో నీ పేరేమిటి?"

"సుబ్బారావూ, వదిలెయ్‌రా," అని గోపాలకృష్ణ రెక్క పట్టుకుని లాగాడు. ఆయనకి తన గురించి సిగ్గు లేదు, అది ఎప్పుడో పోయింది. ఈ గొడవ శాంభవి మెడకి చుట్టుకుంటుందనే ఆయన భయం.

అనుకున్నంతా అయింది. ఇల్లు పైనే కాబట్టి, గొడవ విని డాక్టర్ సాత్విక్ లోపలి మెట్ల మీంచి దిగొచ్చాడు.

"శాంభవీ! ఏం జరుగుతోందిక్కడ? ఎవరీ గడ్డపాయన?"

"సార్, ఈయన మా మావయ్య ఫ్రెండండీ..."

"డాక్టర్, ముద్దాయిని పట్టేశాను. ఎలా మెరుస్తున్నాడో చూడండి."

"తెల్లబట్టలు ఆ లైటుకి అలాగే మెరుస్తాయండీ. సబ్బుపొడిలో దానికో మందు కలుపుతారు. మిమ్మల్ని ఎవరు రానిచ్చారసలు?"

డిటెక్టివు ఒకడుగు వెనక్కి వేశాడు. వెనక పిల్లలాడుకునే రబ్బరు ఏనుగుంది. ఆయన దానిమీద పడ్డాడు, గడ్డం ఏనుగు మీద పడింది, టార్చి నేలమీద దొర్లుకుంటూ పోయి డాక్టరుగారి కాళ్ళ దగ్గర ఆగి పైకి వెలిగింది.

డాక్టరుగారి మూతి పచ్చగా మెరిసింది. మూతితోపాటు చెంపలూ, నుదురూ.

కింద పడ్డవాడు పడ్డట్టే చెయ్యెత్తాడు.

"స్క్రీన్ నాకుతున్నది డాక్టరే!"

"ఛీ! ఏం మాటలండీ? నేనిప్పుడే పెరుగన్నం తిని కిందికొస్తున్నాను."

గోపాలకృష్ణ ముప్పై ఏళ్ళు పిల్లల చేత లెక్కలు చేయించిన మనిషి. ఆయన నోటికి ఆ ప్రశ్న అలవాటుగా వచ్చేసింది. "తిన్నాక మూతి ఎవరు తుడిచారండీ?"

డాక్టర్ సాత్విక్ చెయ్యి మూతి మీదికి పోయింది. ఆ చీకట్లో కూడా ఆయన సిగ్గుపడ్డం తెలిసింది.

"ఒరేయ్, మజ్జిగ తాక్కుండా దిగిపోయావేంట్రా?" అంటూ మెట్ల మీద మాణిక్యమ్మగారు కనిపించారు. డాక్టరుగారి తల్లి. ఒక చేతిలో గ్లాసు. దాని అడుగు తడిసిందని రెండో చేత్తో కొంగుపెట్టి తుడుస్తున్నారు. శాంభవి టార్చి తీసి అటు తిప్పింది. ఆ కొంగు చివరంతా పచ్చగా మెరిసిపోయింది.

"అమ్మా, నువ్వు ఈ స్క్రీన్ తుడిచావా?" అన్నాడు డాక్టరు నీరసంగా.

"రోజూ తుడుస్తాగా. ఈ మెట్లు దిగి కిందికొచ్చినప్పుడల్లా. ఈ పిల్ల పాపం హడావిడిలో తడి తడిగా వదిలేసిపోద్ది. నువ్వు చూస్తే అరుస్తావని నేనే శుభ్రంగా ఒత్తి తుడుస్తా."

"ఆ తడి దానంతటది ఆరితేనేనమ్మా క్రిములు చచ్చేది! ఆ కొంగుతోనే కదా గిన్నెలు దింపుతావ్, కూరగాయలు తుడుస్తావ్, నీ మనవడు బుజ్జిగాడి ముక్కు తుడుస్తావ్..."

"నీ మూతి కూడా తుడిచా. అప్పుడు నోరు మూసుకునే తుడిపించుకున్నావుగా?"

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. సంజీవరావే అయ్యుంటాడు, నవ్వే హక్కు ఆయనకే ఉంది.

మాణిక్యమ్మగారు గ్లాసు బల్లమీద పెట్టారు. మొహంలో నవ్వు లేదు. "అయితే ఇన్నాళ్ళూ ఈ పిల్లని నలుగుర్లో పెట్టి అరిచావే, ఆ అరుపులన్నీ నావన్నమాట. ఇదిగో నుంచున్నా. నామీద అరువు."

డాక్టర్ సాత్విక్ నోరు తెరిచాడు. పట్టణంలో పేరున్న డాక్టరు, తల్లి ముందు అలా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. చివరికి శాంభవి వైపు తిరిగాడు.

"తప్పు నాదమ్మా. అందరి ముందూ అరిచాను కాబట్టి అందరి ముందే చెబుతున్నా, నీ పనిలో లోటేం లేదు. సారీ."

అంతవరకూ బిగబట్టుకున్న శాంభవికి అప్పుడు కళ్ళనీళ్ళు ఆగలేదు. గోపాలకృష్ణ గుండెల మీద బరువు దిగి, ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

"అయ్యో నా తల్లీ," అని మాణిక్యమ్మగారు శాంభవి గడ్డం పట్టుకుని, రెండో చేత్తో కొంగెత్తారు.

"వద్దు!" అని క్లినిక్ మొత్తం ఒక్కసారే అరిచింది.

అందరికంటే గట్టిగా అరిచింది డాక్టర్ సాత్విక్. తల్లి మీద గొంతెత్తడం ఆయన జన్మలో అదే మొదలు.