మందారాల చొక్కా, బొంబాయి కోటు

ఆ రోజు త్రినాథరావుకి ఉన్న పని ఒక్కటే. మధ్యాహ్నానికి బీచిరోడ్డులోని పెద్ద హోటలుకి వెళ్ళాలి, బొంబాయి నుంచి వచ్చిన పెద్దమనిషితో కలిసి భోంచెయ్యాలి, చేతులు కడుక్కునేలోగా ఆర్డరు సంపాదించాలి. వినడానికి ఇంతకన్నా తేలికైన పని లేదు. కానీ తెల్లారకముందే లేచి పెరట్లో పచార్లు చేస్తున్న అతన్ని చూస్తే, తీర్పు వినడానికి కోర్టుకి వెళ్ళబోతున్నాడని ఎవరైనా అనుకుంటారు.

ఆటోనగర్‌లో అతనికో చిన్న షెడ్డు ఉంది. ఓడరేవులో బొగ్గునీ ఖనిజాన్నీ మోసుకుపోయే బెల్టుల కింద తిరిగే రోలర్లు అక్కడ తయారవుతాయి. తయారయ్యేవి అనడం న్యాయం. పాత కాంట్రాక్టరు చెప్పాపెట్టకుండా మొహం చాటేశాక ఇనుము చెక్కే లేతు మిషను మీద దుమ్ము పేరుకుపోయింది. ఈ బొంబాయి కంపెనీ ఆర్డరు వస్తే షెడ్డు నిలబడుతుంది. రాకపోతే తాళం వేసి, ఎవరితో పౌరుషానికి పోయి ఉద్యోగం మానేశాడో ఆయన దగ్గరికే మళ్ళీ ఫిట్టరుగా వెళ్ళాలి. ఈ సంగతి అతనికీ, అతని భార్య చిట్టెమ్మకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

త్రినాథరావు గురించి ఆటోనగర్ మొత్తానికీ తెలిసిన సంగతి వేరే ఉంది. అతను పువ్వుల చొక్కాలు తప్ప వెయ్యడు. పూర్ణామార్కెట్‌లో తిరిగి తిరిగి, ఎవరూ కొనడానికి సాహసించని గుడ్డ ఏరుకొచ్చి పొట్టిచేతుల చొక్కాలు కుట్టించుకుంటాడు. పసుపు మీద ఊదా, నారింజ మీద నీలం, ఒకసారి ఎర్ర నేల మీద బంగారు అనాసపళ్ళు. "అది కర్టెన్ల గుడ్డయ్యా!" అని చిట్టెమ్మ మొత్తుకున్నా వినలేదు. "మనిసన్నాక కనపడాలే" అనేవాడు. నిజంగానే కనపడేవాడు. గాజువాక జంక్షన్‌లో బస్సు దిగిన మనిషి వాళ్ళ షెడ్డు ఎక్కడని అడిగితే, అడ్రసు చెప్పకుండా చొక్కా చూపించేవారు.

ముందురోజు ఫోను చేసిన ఆ బొంబాయి పెద్దమనిషి పేరు శివరామకృష్ణ. భీమవరం దగ్గర పుట్టి, బొంబాయిలో స్థిరపడిన మనిషి.

"హోటల్లో మిమ్మల్ని నేనెలా గుర్తుపట్టాలండీ?" అని అడిగాడాయన.

"సిలకపచ్చ సొక్కా, దాని మీద ఎర్ర మందారాలు ఉంటాయి సార్. అది నానే" అన్నాడు త్రినాథరావు, ఏమాత్రం తడుముకోకుండా.

అవతల ఆయన నవ్వాడు. నవ్వుతూనే ఫోను పెట్టేశాడు. పుట్టి బుద్ధెరిగాక త్రినాథరావుకి తన చొక్కాల మీద మొదటిసారి అనుమానం కలిగింది అప్పుడే. అది మెచ్చుకున్న నవ్వా, ఎగతాళి నవ్వా అన్నది తేలక రాత్రి నిద్ర పట్టలేదు.

సరిగ్గా అలాంటి పొద్దున్న చిట్టెమ్మ తమ్ముడు సింహాద్రి వచ్చాడు. సింహాద్రి ఎప్పుడో ఉద్యోగానికని బొంబాయి వెళ్ళి, స్టేషనులోనే పెట్టె పోగొట్టుకుని వారం తిరక్కుండా వెనక్కి వచ్చేశాడు. ఆ వారం గురించి ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాడు. ఏ ఊళ్ళో ఎవరు ఏం కడతారో, ఏం తొడుగుతారో అతన్ని అడిగి తెలుసుకోవలసిందే. అడక్కపోయినా తెలుసుకోవలసిందే.

చిలకపచ్చ చొక్కా చేతిలో పట్టుకుని నిలబడిన బావని చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏటి బావా, ఇదేసుకెళ్తావేటి? కొంప మునిగిపోద్ది! మద్రాసులో తెల్లపంచె కట్టినోడు గొప్పోడు. కలకత్తాలో పంచె కుచ్చిళ్ళు జేబులో ఎట్టుకున్నోడు గొప్పోడు. బొంబాయిలో మట్టుకు కోటు బావా, కోటు! బొంబాయి మనిసి ముందర కోటు నేకుండా నిలబడకూడదు."

"రోహిణీకార్తెలో కోటేట్రా?"

"గొప్పోళ్ళకి సెమట పట్టదు బావా. నానొస్తన్నాను, ఉండు."

పావుగంటలో కోటుతో తిరిగొచ్చాడు. ముదురు ఎరుపు రంగు, నల్ల పట్టు కాలరు, మిలమిల మెరిసే ఇత్తడి గుండీలు. అది జగ్గారావు లాండ్రీ నుంచి వచ్చింది. జగ్గారావు దగ్గర ఉతకడానికి వేసిన బట్టలు సొంతదారు చేతికి తిరిగి వచ్చేలోగా నాలుగు పెళ్ళిళ్ళూ ఒక గృహప్రవేశమూ చూసి వస్తాయి. ఊళ్ళో అందరికీ ఈ సంగతి తెలుసు, అవి తమ బట్టలు కానంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు.

"మరి ఆయన మందారాల సొక్కా కోసం ఎతుకుతాడు కదా?" అన్నాడు త్రినాథరావు.

"ఎర్రి బావా! ఈ ఎండలో హోటలు మొత్తానికి కోటేసుకున్నోడివి నువ్వొక్కడివే ఉంటావు. ఇట్టే పోల్సుకుంటాడు."

ఈ మాట సమంజసంగానే తోచింది. ఇంకో చిక్కు వచ్చింది. కోటు లోపల వేసుకోవడానికి ఆ ఇంట్లో పువ్వులు లేని చొక్కా ఒక్కటీ లేదు. సింహాద్రి ఉదారంగా తన ఒంటి మీది తెల్లచొక్కా విప్పి అక్క చేతికిచ్చాడు. తాను మందారాల చొక్కా తొడుక్కున్నాడు. సింహాద్రి ఎండిన బెండకాయ, త్రినాథరావు గుమ్మడికాయ. తెల్లచొక్కా గుండీలు ఎంత లాగినా కలవలేదు. చిట్టెమ్మ మొగుణ్ణి లోపలి గదిలోకి తీసుకెళ్ళి, కత్తెరతో చొక్కా వీపు మెడ దగ్గర్నుంచి కిందిదాకా నిలువునా చీరేసింది. ముందు గుండీలు సుఖంగా పట్టాయి.

"కోటు ఎలాగూ తియ్యవు కదా. తమ్ముడితో సెప్పకు, సాయంత్రం కుట్టేత్తాను" అంది. అని, ఊరికే కాలరు సర్దుతూ కాసేపు అక్కడే నిలబడింది. "వచ్చేత్తాదిలే" అంది మెల్లగా. ఆమె అంటున్నది ఆర్డరు గురించేనని అతనికి తెలుసు.

బీచిరోడ్డు చేరేసరికి త్రినాథరావు గొప్పవాడు కాడని చెమట తేల్చేసింది. సముద్రపు గాలి కోటు దాకా వచ్చి ఆగిపోతోంది. వెంట వచ్చిన సింహాద్రి హోటలు ఎదుట గోడ మీద కూర్చుని మరమరాల మిక్చరు కొనుక్కున్నాడు. "నువ్వెళ్ళు బావా, నానిక్కడే ఉంటాను" అన్నాడు. త్రినాథరావు కోటు సర్దుకుని లోపలికి అడుగుపెట్టాడు.

పెట్టి, అక్కడే నిలబడిపోయాడు. చల్లటి ఆ పెద్ద హాల్లో బల్లల మధ్య పళ్ళేలు పట్టుకుని అరడజను మంది బేరర్లు తిరుగుతున్నారు. అందరివీ ముదురు ఎరుపు కోట్లే. నల్ల పట్టు కాలర్లే, ఇత్తడి గుండీలే.

వెనక్కి తిరిగి పారిపోవాలన్న ఆలోచన అతని కాళ్ళకి చేరేలోపు మేనేజరు భీమశంకరరావు చేరాడు. నల్లసూటు, మెడకి టై, మొహం నిండా కంగారు.

"అమ్మయ్య, వచ్చావా! ఏజెన్సీవాడు పంపిన మనిషివి నువ్వేగా? ఇద్దరు రాలేదివాళ, చచ్చిపోతున్నాం. ఆ నీళ్ళ జగ్గు అందుకో."

"అయ్యా, నాను బేరర్ని..."

"తెలుసయ్యా, బేరరువే. ఒక్క మాట గుర్తుంచుకో. సాయంత్రం వెళ్ళేటప్పుడు కోటు ఇచ్చి వెళ్ళాలి. వారానికో కోటు మాయమైపోతోంది. ఈసారి మావాడు కానివాడి ఒంటి మీద మా కోటు కనిపించిందా, సరాసరి పోలీసులకి అప్పగించమన్నారు మా యజమాని."

బేరరు అయితే నీళ్ళు పొయ్యాలి. బేరరు కాకపోతే కోటు దొంగ. పోనీ కోటు విప్పేద్దామంటే చొక్కాకి వీపు లేదు. త్రినాథరావు బాగా ఆలోచించి జగ్గు అందుకున్నాడు. బొంబాయి మనిషి వస్తే మెల్లగా పక్కకి పిలిచి చెప్పుకోవచ్చు అనుకున్నాడు. ఈలోగా రెండు బల్లలకి నీళ్ళు పోసి, మూడో బల్ల దగ్గర ఒకావిడ చేత "ఇంతసేపా?" అని చీవాట్లు తిన్నాడు.

నాలుగో బల్ల వైపు తిరిగేసరికి అతని కళ్ళు చెదిరాయి. చిలకపచ్చ మీద ఎర్ర మందారాలు గుమ్మంలోంచి లోపలికి వస్తున్నాయి. సింహాద్రి భుజం మీద చెయ్యి వేసి ఆప్యాయంగా నడిపించుకొస్తున్నాడొక పెద్దమనిషి. నలిగిన పొట్టిచేతుల చొక్కా, కాళ్ళకి మామూలు చెప్పులు.

"బయట గోడ మీద కూర్చుని మిక్చరు తింటున్నారేమిటండీ త్రినాథరావుగారూ! దూరం నుంచే గుర్తుపట్టేశాను" అంటున్నాడాయన.

సింహాద్రి దుర్మార్గుడు కాడు. "నాను కాదండీ" అని గోడ దగ్గరే రెండుసార్లు అన్నాడు. పెద్దమనిషి వినిపించుకోలేదు. బావ లోపల కనపడేదాకా ఈయన్ని చెయ్యి జారిపోనివ్వకుండా కూర్చోబెడితే చాలుననుకున్నాడు. కూర్చున్నాక ఆయన ప్రశ్నలు వేస్తాడని మాత్రం అనుకోలేదు.

"సరే, అసలు విషయానికి వద్దాం. మీ రోలర్లు ఎలా తిరుగుతాయండీ?"

"గుండ్రంగానండి" అన్నాడు సింహాద్రి.

"బేరింగులు ఏవి వాడతారు?"

"పెద్దవండి. బాగా పెద్దవి."

"గ్యారంటీ ఎన్నాళ్ళిస్తారు?"

ఇక్కడ సింహాద్రికి బావ మీదున్న అభిమానం పొంగుకొచ్చింది. "ఎన్నాళ్ళేటండీ! మీరుండగా అరగవు, మీ అబ్బాయుండగా అరగవు, మీ మనవడొచ్చి అరిగిందంటే నాను ఊరొదిలేత్తాను!"

వెనకాల నిలబడి గ్లాసులో నీళ్ళు పోస్తున్న త్రినాథరావు జగ్గు ఎత్తడం మరిచిపోయాడు. గ్లాసు నిండింది, బల్ల తడిసింది, ఆపైన శివరామకృష్ణ ఒళ్ళూ తడిసింది. మాట్లాడితే పోలీసులు, మాట్లాడకపోతే మూడు తరాల గ్యారంటీ. దుమ్ము పట్టిన లేతు, పొద్దున్న కాలరు సర్దిన చిట్టెమ్మ కళ్ళ ముందు కదిలారు.

"ఏడాదే సార్!" అని అరిచాడు. "ఏడాది తిరిగాక అరిగితే అరుగుతాది. నాను ఇచ్చేది ఏడాది గ్యారంటీయే!"

హాలంతా ఇటు తిరిగింది. శివరామకృష్ణ తడిసిన చొక్కాతో తల ఎత్తి చూశాడు. "నువ్వెవరివయ్యా ఇవ్వడానికి?"

"నానే సార్ త్రినాథరావుని. ఈడు మా బావమరిది. మందారాలు నావే, ఆడేసుకున్నాడు. కోటు మట్టుకు నాది కాదు."

భీమశంకరరావు పరుగెత్తుకొచ్చాడు. "కోటు నీది కాదా? బేరరువి కాదా? అయితే దొంగవి!" అని జబ్బ పట్టుకున్నాడు. ఇంక దాచడానికేమీ మిగలలేదు. త్రినాథరావు కోటు విప్పి మేనేజరు చేతిలో పెట్టాడు. ముందు నుంచి చూసినవాళ్ళకి తెల్లచొక్కా వేసుకున్న మర్యాదస్తుడే కనిపించాడు. వెనక కూర్చున్నవాళ్ళు స్పూన్లు కింద పెట్టేశారు.

"ఓలమ్మో!" అని కేక పెట్టాడు సింహాద్రి. "నా పెళ్ళిసొక్కా! అక్కేటి సేసింది?"

"అడుగుతుంటే నీక్కాదూ!" అని మేనేజరు జబ్బ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "ఎక్కడ కొట్టేశావ్ ఈ కోటు?"

"కొట్టలేదండీ, అద్దెకి తెచ్చాం. జగ్గారావు లాండ్రీలో..."

ఆ పేరు వినగానే భీమశంకరరావు పట్టు సడలింది. అటూ ఇటూ చూశాడు. తన నల్లసూటు గుండీలు సర్దుకున్నాడు. త్రినాథరావు చెవి దగ్గరికి వంగి, "ఆ పేరు గట్టిగా అనకండి సార్" అన్నాడు. నువ్వు కాస్తా సార్ అయిపోవడం త్రినాథరావు గమనించాడు. మేనేజరు సూటు చేతులు మణికట్టుకి బెత్తెడు పైనే ఆగిపోయిన సంగతీ అప్పుడే గమనించాడు. ఆ సూటు ఏ ప్లీడరుగారిదో, ఏ పెళ్ళికొడుకుదో జగ్గారావుకే తెలియాలి. పొద్దుటి నుంచి మొదటిసారి అతనికి ఊపిరి ఆడింది.

శివరామకృష్ణ అప్పటికే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఫోనులో విన్న నవ్వే అది. ఎదురుగా చూస్తే అందులో ఎగతాళి ఇసుమంతైనా లేదు.

"ఎందుకండీ ఈ కోటు?"

"బొంబాయిలో కోటు నేకపోతే మనిసిని లెక్కెయ్యరని సెప్పాడండి, ఈడు."

"బొంబాయిలోనా! కోటేసుకుని లోకల్ రైలెక్కితే దిగేసరికి ఒక్క గుండీ మిగలదండీ. నిన్నటి నుంచి ఈ ఊళ్ళో నలుగుర్ని కలిశాను. నలుగురూ సూట్లలోనే వచ్చారు, నలుగురూ జీవితాంతం గ్యారంటీ అన్నారు. ఏడాదికే అరుగుతుందని అరిచి చెప్పింది మీరొక్కరే. నా బెల్టులు నాకు తెలియవా? ఏడాది ఆగితే చాలు, దండం పెడతాను. రేపు షెడ్డుకొచ్చి చూస్తాను. మొదటి లాటు ఆర్డరు మీదే అనుకోండి. కానీ ముందు ఆ చొక్కా మీరు వేసుకోండి. మందారాల కోసం చూసొచ్చాను నేను."

త్రినాథరావుకి కళ్ళు చెమ్మగిల్లాయి. చెమట అనుకుంటారులే అని తుడుచుకోలేదు. హోటలు మధ్యలోనే చొక్కాల మార్పిడి జరిగింది. మందారాలు ఒంటి మీదికి రాగానే అతని భుజాలు వాటంతటవే వెడల్పయ్యాయి. కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చున్నాడు, బేరింగుల సంగతి ఎత్తుకున్నాడు. రేపు షెడ్డు తలుపు తీసి లేతు మీది దుమ్ము దులపాలి, చిట్టెమ్మకి ఇప్పుడే ఫోను చెయ్యాలి అనుకుంటుంటే గుండె తేలికైపోయింది.

మిగిలింది సింహాద్రి. చేతిలో వీపు లేని పెళ్ళిచొక్కా, ఒంటి మీద బనీను. ఆ అవతారంతో హాల్లో నిలబడనివ్వడం కుదరదన్నాడు భీమశంకరరావు. కోటు బయటికి పోవడమూ కుదరదన్నాడు. మనుషులు ఇంకా ఇద్దరు తక్కువగానే ఉన్నారన్నాడు. కోటు కాస్త వదులైనా సింహాద్రి ఒంటికెక్కింది.

కాసేపటికి సూపు పట్టుకొచ్చి, బొంబాయి మనిషి ముందు కోటుతోనే నిలబడ్డాడు.