చూసొస్తానన్న విమానం

పాత ట్రాక్టర్లు చూడడంలో రొద్దం ఈరన్న దిట్ట. చుట్టుపక్కల ఎవరు పాత బండి కొన్నా ముందు ఆయన చెయ్యి పడాల్సిందే. ఆయనలో లోపం ఒక్కటే. "ఊరికే చూసొస్తా" అని బయలుదేరిన ఆరుసార్లూ ఇంటికి ఒక బండి తోలుకొచ్చాడు.

ఆ రోజు పొద్దున పట్టుగూళ్లు తీసుకుని హిందూపురం మార్కెట్టుకు పోదామనుకుంటుండగా అక్కడి మిల్లు యజమాని శివప్రసాద్ ఫోన్ చేశాడు. బెంగళూరులో ఒక పాత విమానం బేరానికి ఉందట. పద్నాలుగు సీట్లు, లోపల సోఫాలు.

"నువ్వొచ్చి ఒకతూరి చూడు ఈరన్నా. నువ్వు చూసిన నా లారీలు ఇంగా తిరుగుతాండాయి."

"కౌసల్యా, విమానం చూసొస్తా" అని ఈరన్న చెప్పులేసుకున్నాడు.

కౌసల్యమ్మ చేతిలో చేట జారింది. పెళ్లయిన కొత్తలో మొదటి ట్రాక్టరు మీద కూర్చోబెట్టి, "ఎప్పటికైనా నిన్ను విమానం ఎక్కిస్తా" అన్నాడాయన. ముప్పై ఐదేళ్లుగా ఆ మాటను కడుపులో దాచుకున్న మనిషి, ఇప్పుడు ఆగలేక ఎదురింటి ప్రమీలకు చెప్పేసింది. ప్రమీలకు చెబితే ఊరికి చెప్పినట్టే.

మధ్యాహ్నానికి ఊళ్లో రైతు నాగన్న వేరుశనగ పీకిన తన చేను చదును చేయించి, "ఈడ దిగొచ్చు" అన్నాడు. ధర్మవరంలో కౌసల్యమ్మ చెల్లెలు కమలాక్షి కొత్త పట్టుచీర పట్టుకుని బస్సెక్కింది. ఎవరో నిమ్మకాయలు, మిరపకాయలు మూరెడు దండ గుచ్చితే, విమానానికి అది చాలదని ఇంకొకరు బారెడు చేశారు.

సాయంత్రం ఈరన్న బస్సు దిగేసరికి ఊరంతా ఆకాశం వైపు చూస్తోంది. పట్టుచీర కట్టుకుని, హారతి పళ్లెంతో కౌసల్యమ్మ ఎదురొచ్చింది.

"యాడుండాది?"

కొనేది శివప్రసాద్, మనం కాదని చెప్పబోయాడు. ఆమె ముఖం చూశాడు. ఆ సంతోషాన్ని తన చేత్తో చెరపడం ఆయన వల్ల కాలేదు.

"రేపు ట్రయల్" అన్నాడు.

అది అబద్ధమేమీ కాదు. లోడు వేసి తోలందే పాత బండి గుణం తేలదని బెంగళూరులో ఆయనే పట్టుబట్టి వచ్చాడు. వెంటనే పక్కకెళ్లి శివప్రసాద్‌కు ఫోన్ చేశాడు.

"లోడు నేనే తెస్తా సార్. మనుషుల లోడు."

"రాళ్లేసినట్ల మనుషుల్ని ఏస్తావా?"

"రాళ్లయితే నోరిప్పవు సార్. మనుషులు కుదుపుంటే చెప్తారు."

మరునాడు బెంగళూరులో ఆయనతో పాటు పన్నెండు మంది లోడెక్కారు. కింద పెనుకొండ కొండ కనబడగానే కౌసల్యమ్మ భర్త చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వింది. ఇక నిజం చెప్పేద్దామని ఈరన్న గొంతు సవరించుకున్నాడు.

ఆమే ముందు అంది. "మాటిచ్చినందుకు ఎక్కించినావు, చాలయ్యా. దిగంగానే తిరిగిచ్చేయి. దీన్ని యాడ పెట్టుకుంటాం? డీజిలెంత తాగుతాదో! ఎక్కి పోయేదానికైనా మనకి ఏ ఊరుండాది?"

ముందు సీట్లోని శివప్రసాద్ ఆ మాట విన్నాడు. ఆలోచిస్తే తను రోజూ పోయేది మిల్లుకూ ఇంటికే.

"ఈరన్నా, ఆయమ్మ చెప్పినట్లే తిరిగిచ్చేద్దాం" అన్నాడు.

ఈరన్న విమానం కొని ఒక్కరోజులో అమ్మేశాడని రొద్దంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎంతకమ్మావని అడిగితే మాత్రం, "నష్టం రాలేదులేప్పా" అంటాడాయన.