సిలబస్‌లో వంతెన

గిరి వంతెనల కార్పొరేషన్ చైర్మన్ వరహాలరావు గారు ఇంజనీరింగ్ చదవబోతున్నారన్న వార్త మొట్టమొదట రాసిన భాగ్యం నాదే. అప్పుడు నేను ఒక దినపత్రికకి అరకు విలేకరిని. తొంభై ఏడు ఏప్రిల్లో ఆయన గెస్ట్‌హౌస్ వరండాలో ప్రెస్‌మీట్ పెట్టారు. ప్రెస్ అంటే నేనూ, నా సైకిలూ.

"నాకు ఆల్రెడీ బి.ఎ. ఉంది. ఆ డిగ్రీతో వంతెన కట్టగలనా? లేను. అందుకే పదవిలో ఉంటూనే పార్ట్ టైం బి.ఇ. చేస్తున్నాను. కొర్రపుట్టు గెడ్డ మీద వంతెన నేనే స్వయంగా డిజైన్ చేస్తాను. ఇది నా కమిట్‌మెంట్" అన్నారు.

"కార్పొరేషన్‌లో ఇంజనీర్లు ఉన్నారు కదండీ?" అన్నాను.

"ఉన్నారు. పాపం, ఒక్కొక్కళ్ళకీ ఒకటే డిగ్రీ."

అదీ రాసుకున్నాను. ఇంతమంది నాయకులున్నారు, చేసే పనికి చదువు అవసరమని ఒక్కడికైనా తోచిందా?

ఆ మధ్యాహ్నమే స్థల పరిశీలనకి జీపులో బయల్దేరాం. గిరిజనుల ఇటుకల పండగ రోజులు. మగాళ్ళంతా అడవికి వేటకి పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చిన బండినల్లా ఆపి పాట పాడి డబ్బులడుగుతారు. కొర్రపుట్టు ఊరి ముందు పారే గెడ్డకి ఇవతల మా జీపూ ఆగింది. చైర్మన్ గారు ఎంట్రన్స్ గైడు మొహం మీద బోర్లించుకుని నిద్రపోతున్నారు. ఆయన పి.ఎ. సింహాచలం చిల్లర కోసం జేబులు తడుముకుంటున్నాడు.

అంతలో కొండ మీంచి ఒకాయన విల్లు భుజానేసుకుని దిగాడు. ఆడవాళ్ళు పకపకా నవ్వుతూ బిందెడు పేడనీళ్ళు అతని నెత్తి మీద కుమ్మరించారు.

"ఏం తప్పు చేశాడమ్మా?" అని పక్కనున్న యర్రమ్మనడిగాను.

"ఏటకెల్లి ఉత్తి సేతుల్తో వొచ్చీసినాడు బాబూ. పండగలో అలాటోడికి ఇదే మర్యాద."

జీపులో ఉన్నది వంతెనల బాబని తెలిసి యర్రమ్మ గబగబా వచ్చి ఆయన్ని లేపింది. "నా కూతురు గుంట రత్నాలు నిరుడు పదో కలాసు లెక్కల్లో తప్పింది బాబూ. జూన్లో మల్లీ రాయాల. పరీచ్చ అరకులోన. గెడ్డ పొంగితే దాటనేం. వొంతెన బేగి కట్టీ బాబూ!"

చైర్మన్ గారు బ్యాగులోంచి కాలేజీ సిలబస్ తీసి శ్రద్ధగా వెతికారు. "వంతెనలు మూడో ఏడు, రెండో సెమిస్టర్. అంతవరకూ ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఓపిక పట్టాలమ్మా."

"పోనీ, ఏటా కట్టుకున్నట్టే అడ్డతీగల్తో దుంగలు కట్టుకుంటాం."

"నో నో! ఇది నా ప్రాజెక్ట్ సైట్. దుంగలేస్తే డిస్టర్బ్ అవుతుంది." ఆ సాయంత్రమే ఆర్డరు వేశారు. పాత దుంగలు కూడా లారీలో ఎత్తించి గెస్ట్‌హౌస్ పొయ్యిలోకి పంపించారు.

జూన్లో వానలు దంచేశాయి. ఘాట్ రోడ్డు తెగిపోయింది. చైర్మన్ గారు ఎంట్రన్స్‌కి విశాఖ ఎలా దిగుతారా అని జిల్లా అంతా బెంగపడింది. కాలేజీ వారిది పెద్ద మనసు. ప్రశ్నపత్రాన్నీ, సూపర్‌వైజర్నీ రైలెక్కించి గెస్ట్‌హౌస్‌కే పంపారు. సబ్జెక్టు లెక్కలు. ఆ సెంటర్‌కంతటికీ చైర్మన్ గారే ఫస్టు. రాసింది ఆయనొక్కరే అన్నది వేరే సంగతి.

అదే పొద్దున రత్నాలు హాల్‌టిక్కెట్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని గెడ్డ అవతలి ఒడ్డున నిలబడింది. నీళ్ళు తగ్గలేదు, ఆ పిల్ల సాయంత్రం దాకా కదల్లేదు. ఇవతల ఒడ్డున నేనూ, నా సైకిలూ. రెండు వార్తలూ పంపాను. చైర్మన్ గారిది ఫొటోతో వచ్చింది. రత్నాలుది స్థలాభావం వల్ల రాలేదు.

చదువు జోరుగా సాగింది. చైర్మన్ గారు ఒక్క క్లాసూ మానలేదు. సింహాచలం రూపంలో వెళ్ళేవారు. అటెండెన్స్ నూటికి నూరు. కొర్రపుట్టులో ఆయన ఏ సెమిస్టర్లో ఉన్నారో పసిపిల్లనడిగినా చెప్పేది. రెండో ఏడు గట్టెక్కాలని ఊరంతా కలిసి శంకుదేముడికి కోడిని కోశారు. గట్టెక్కారు.

మూడో ఏడు రాగానే యర్రమ్మ గెస్ట్‌హౌస్‌కి పరుగెత్తుకొచ్చింది. "ఒచ్చీసింది కదా బాబూ, వొంతెనల ఏడు!"

"బ్రాంచి మారానమ్మా" అన్నారు చైర్మన్ గారు ప్రేమగా. "సివిల్లో స్కోప్ లేదు. ఇప్పుడంతా కంప్యూటర్సే."

"మరి వొంతెన?"

"అది మా సిలబస్‌లో లేదు కదమ్మా!"

ఆ ఏడూ జూన్లో పరీక్ష పెట్టారు, ఆ ఏడూ గెడ్డ పొంగింది.

రెండు వేల ఒకటి ఏప్రిల్లో పట్టా వచ్చింది. స్నాతకోత్సవం గౌను విప్పకుండా చైర్మన్ గారు తిన్నగా కొర్రపుట్టుకే బయల్దేరారు. ప్రజల మధ్య ఆనందం పంచుకోవాలని. నన్నూ, కెమెరానీ ఎక్కించుకున్నారు.

మళ్ళీ ఇటుకల పండగే. మళ్ళీ గెడ్డకి ఇవతల, రోడ్డుకి అడ్డంగా దుంగ.

"ఇంతమంది లేడీస్! మనమొస్తున్నట్టు వీళ్ళకెవరు చెప్పారయ్యా?" అంటూ ఆయన నవ్వుతూ దిగారు.

యర్రమ్మ ముందుకొచ్చింది. "నాలుగేళ్ళు తిరిగినావు. ఏటి తెచ్చినావు బాబూ?"

చైర్మన్ గారు చుట్టిన పట్టా విప్పి ఎత్తి చూపించారు. "ఫస్ట్ క్లాస్!"

"కాయితమేనా? ఇంకేటీ నేదా?"

"ఇంకేం కావాలమ్మా!"

యర్రమ్మ వెనక్కి తిరిగి కూతురి వంక చూసింది. రత్నాలు ఇంకా పది తప్పిన పిల్లే. పేడనీళ్ళ బిందె ఆ పిల్లే ఎత్తింది.

చైర్మన్ గారు రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, తలవంచి స్వీకరించారు. టోపీ మీంచి గౌను మీదికి, గౌను మీంచి పట్టా మీదికి పచ్చగా కారింది. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. సింహాచలం చప్పట్లు కొట్టాడు.

"కళ్ళు చెమర్చాయయ్యా" అన్నారు చైర్మన్ గారు కళ్ళు తుడుచుకుంటూ. "ఈ ట్రైబల్ కస్టమ్‌ని ఏమంటారు?"

"పండగ మర్యాదండి" అన్నాను.

"హెడ్డింగ్ అదే పెట్టు. ఫొటో వచ్చిందా? డౌటైతే ఇంకో బిందె ఉందేమో అడుగు."

అడగనక్కర్లేకపోయింది. రత్నాలు అప్పటికే గెడ్డలోకి దిగి బిందె ముంచుతోంది.