గుండ్రంలో చుక్క

నర్సీపట్నంలో ఫ్లెక్సులు వేసేవాడు ఖాళీ జాగాను ఖాళీగా వదలడు. ఇది జీవరాజు అభిప్రాయం కాదు, రుజువైన సంగతి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కూతురు కృపాజ్యోతి తన పరిశోధన గురించి చర్చిలో చెప్పాలి. "ఆరేళ్ళు సదివి మీ పాప ఏటి కనిపెట్టిందండీ?" అని సంఘపెద్ద షాలేమ్‌రాజు ప్రతివారం అడిగేవాడు. జీవరాజు భార్య చనిపోయిన నెలలో కూడా మానలేదు. ఆ నోరు మూయించడానికే జీవరాజు ఫ్లెక్సు వేయించాడు. దాని మీద మనది కాని ఓ గెలాక్సీ బొమ్మ, అందులో సన్నటి గుండ్రం, గుండ్రంలో ఆవగింజంత నీలం చుక్క. ఎక్స్-రే టెలిస్కోపుకు సూర్యుళ్ళను మించి మండుతూ కనిపించేదేదో ఆ గుండ్రంలో ఉంది. మామూలు వెలుగులో అది ఏ నక్షత్రమో వెతికి పట్టుకుంది ఆ పిల్ల. ఆ నక్షత్రమే ఈ చుక్క.

పొద్దున్నే షాపుకెళ్ళి విప్పి చూస్తే గుండ్రంలో జీవరాజు ముఖం ఉంది. భార్య పోయాక చర్చిలో జరిపిన ఆదరణ కూడికకు వేయించిన ఫ్లెక్సులోని ముఖం.

"గుండ్రం ఫొటోకే కదండీ?" అన్నాడు షాపు తాతబ్బాయి. "లోపల ఏదో మరకుంటే సెరిపీసేను."

"అది మరక కాదురా! మా పిల్ల సదువంతా అదే. ఆ మొకం తీసి సుక్క పెట్టు."

"కరెంటు లేదు కదండీ. మీరు ఎల్లండి, బేగి సూసి చర్చిలో కట్టిత్తాను. సుక్క ఎక్కడుండేదో అక్కడే ఉంటది."

జీవరాజు నమ్మాడు. తాతబ్బాయి నీలం స్టిక్కరు రూపాయి బిళ్ళంత గుండ్రంగా కత్తిరించి, ఫోన్లో పాత బొమ్మ చూసి, కొలిచి మరీ ఆ ముఖం మీదే అంటించాడు. ఆ జాగా సరిగ్గా జీవరాజు నుదుటి నడుమకు వచ్చింది.

ఆరాధన ముగిసి ఫ్లెక్సు విప్పగానే షాలేమ్‌రాజు లేచాడు.

"జీవరాజుగారూ! మన సంఘంలో ఉండి బొట్టేటండీ? పాస్టరుగారూ, సూడండి!" ముందుకొచ్చి స్టిక్కరు మీద వేలు పొడిచాడు. "ఏటిది? ఏటిదంట?"

"అదే మావయ్యా, నేను కనిపెట్టింది," అంది కృపాజ్యోతి.

సంఘమంతా లేచి దగ్గరకొచ్చింది. ఆవగింజంత చుక్కే ఉండుంటే ఒక్కరూ తలెత్తేవారు కాదు. ఇప్పుడు ముసలమ్మలు కూడా కళ్ళద్దాలు సవరించుకుని చూశారు.

"మరి మీ నాన్న మొకం ఎందుకమ్మా?"

"చుక్క బాగా కనబడాలంటే దాని పక్కన ఇంకే వెలుగూ ఉండకూడదు మావయ్యా."

చర్చి పైకప్పు అదిరేలా నవ్వారు. జీవరాజు నవ్వలేదు.

పిల్ల ఏం కనిపెట్టిందని షాలేమ్‌రాజు ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. బొట్టు గురించి మాత్రం ప్రతివారం అడుగుతున్నాడు.