మూడో వంతు మీద ఏడేళ్ల పరిశోధన

న్యాయం చేయడం పాతకాలపు పద్ధతి. న్యాయం గురించి చదువుకోవడమే నాగరికుల లక్షణం! నమ్మరా? అయితే మా అన్నయ్యను చూడండి.

అన్నయ్య ప్రొఫెసర్. ‘ఆధునిక ప్రపంచంలో ఇస్లామిక్ ఆర్థికశాస్త్రం, చట్టం, పాలన’ అనే ఆన్‌లైన్ డిప్లొమాకు కర్త, కర్మ, క్రియ అన్నీ ఆయనే. అందులోనూ వారసత్వ చట్టం ఆయనకు కొట్టిన పిండి. కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి అని బోర్డు మీద గీతలు గీసి చెబుతుంటే మనకూ ఎక్కడో ఆస్తి ఉందేమో అనిపిస్తుంది.

నాన్న పోయి ఏడేళ్లయింది. వారసులం అన్నయ్యా, చెల్లెల్ని నేనూ ఇద్దరమే. ఉన్నది మూడు గదుల ఇల్లు. లెక్క ఎంత ముచ్చటగా కుదిరిందో! ఎలిమెంటరీ స్కూలు పిల్లలైనా వేళ్ల మీద చెప్పేస్తారు. పాపం, వాళ్లకు పరిశోధన విలువ ఏం తెలుసు?

నేను టైలర్ని. నా రెండు మిషన్లూ పక్కింటి మెట్ల కింద జల్లు కొడితే తడుస్తుంటాయి. వీధివైపు గది నాకొస్తే అక్కడ పెట్టుకుందామని ఆశ. ప్రస్తుతం ఆ గదిలో అన్నయ్య రాసిన పుస్తకం కట్టలున్నాయి. పుస్తకం పేరు ‘స్త్రీ వాటా’.

“నా గది సంగతేం చేశావన్నయ్యా?”

“తొందరపడకే. ఆధునిక ప్రపంచంలో గది అంటే ఏమిటో ముందు తేల్చాలి.”

“తలుపుండేదే గది కదా?”

“అదిగో, అక్కడే పప్పులో కాలేశావు!”

ఆ తలుపు మీద రెండు సెమినార్లు జరిగాయండీ! పాలన పాఠంలో సంప్రదింపు ముఖ్యమట. అందుకని నా గది గురించి పదకొండు మంది పండితుల్ని, మా వదినను కూడా సంప్రదించాడు. నన్ను తప్ప! సంపద ఒక్కచోటే పోగుపడకూడదని ఆర్థికశాస్త్రం పాఠం. పుస్తకాల కట్టల్ని మూడు గదుల్లోనూ సమానంగా సర్దాడు.

ఇంత మంచి చదువును నేను మాత్రం ఎందుకు వదులుకోవాలి? చెప్పకుండా ఆ డిప్లొమాలో చేరాను.

పరీక్షలో ప్రశ్న వచ్చింది: ‘తండ్రి మరణించాడు. ఒక కొడుకు, ఒక కూతురు. సొంత ఉదాహరణతో ఆస్తి పంచండి.’ డోర్ నంబరుతో సహా మా ఇంటి ప్లాన్ గీసి, వీధివైపు గది కూతురికి రాశాను. పేపర్ల మీద పేర్లుండవు, రోల్ నంబర్లే. పైగా అన్నయ్య భిన్నాలు చూస్తాడు గానీ ఇళ్లు చూడడు.

దిద్దిన పేపరు తిరిగొచ్చింది. ‘పంపకం సరైనది. జాప్యం చేస్తే అన్యాయం. పదికి పది.’ కింద అన్నయ్య సంతకం. ఏడేళ్లుగా ఆయన నోటి నుంచి వినాలనుకున్న మాట అది. చదువుతుంటే ఏడుపొచ్చింది.

నిన్న ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు.

“సంతకం నాదే... కానీ ఇది పరీక్షే కదే!”

“అవునన్నయ్యా. రాసింది నేను, తప్పింది నువ్వు.”