చూపుకు పంపిన శాలువాలు

ఆ ఉదయం భద్రయ్య చేతిలో ఉన్నవి ఇవీ: నల్ల షేర్వానీ గుడ్డ తాన్లు ఇరవై, కాశ్మీరు శాలువాలు మూడు, ఉపాయం ఒకటి. పోలీస్ యాక్షన్ అయి ఏడాది దాటింది. షేర్వానీలు కుట్టించుకునేవాళ్లు తగ్గి, ఖద్దరు అడిగేవాళ్లు పెరిగారు. దుకాణంలో నల్ల తాన్లు మాత్రం పెట్టినచోటు నుంచి కదల్లేదు. ఇక శాలువాలంటారా, అవి అమృత్‌సర్ మిల్లులో పుట్టి, సికింద్రాబాదులో రైలు దిగాక కాశ్మీరు పేరు పెట్టుకున్నవి. బజారంతా అదే వరస కాబట్టి అందులో తప్పుందని ఆయనకెన్నడూ తోచలేదు.

ఉపాయం ఏమిటంటే, పక్క వీధి కాలేజీలో పట్టాలిచ్చే రోజుకు రెండు వందల నల్ల గౌన్లు కావాలట. ఆర్డరు ప్రిన్సిపాల్ ఆర్థర్ దొర చేతిలో ఉంది. భద్రయ్య బట్టల వర్తకుల సంఘానికి కార్యదర్శి. చదువు చెప్పడంలోనూ పరిశోధనలోనూ మేటి అయిన అధ్యాపకుడొకరికి ఆదివారం సంఘం తరఫున సన్మానమని తీర్మానం చేయించి, పేరు చెప్పమని దొరగారికి కబురు పెట్టాడు. సన్మానం అయ్యాక గౌన్ల మాట ఎత్తవచ్చు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా దొరగారి ఉత్తరం వచ్చింది. అందులో మూడు పేర్లున్నాయి. ముగ్గురూ గొప్పవాళ్లేననీ, ఒకరిని మీరే ఎంచుకోండనీ రాశాడు.

"చీరయితే పోగు చూసి చెప్త. పంతుళ్లను ఏం చూసి చెప్పాలె?" అన్నాడు భద్రయ్య.

"మీరు బడి మొకం చూసిన్రా ఎన్నడన్న, చెప్పనీకి?" అంది భార్య పుష్పమ్మ.

ముప్పై ఏళ్ల వ్యాపారం ఆయనకు దారి చూపింది. పెద్దిళ్ల ఆడవాళ్లు దుకాణానికి రారు. నాలుగు చీరలు ఇంటికి చూపుకు పంపితే, నచ్చింది ఉంచుకుని మిగతావి మర్నాడు తిప్పి పంపుతారు. ఇన్నేళ్లలో ఒక్కరూ దానికి వేరే అర్థం తీయలేదు. ముగ్గురికీ తలొక శాలువా పంపితే రంగు చూసుకుంటారు. ఈలోగా ఎవరు మేటో వాకబు చేయవచ్చు. మిగతా రెండూ వాటంతటవే వెనక్కి వస్తాయి.

"వాళ్లు బేరానికొచ్చేటోళ్లు గాదు, పంతుళ్లు," అంది పుష్పమ్మ. అప్పటికే హమాలీ తుకారాం శాలువాలు చంకన పెట్టుకుని వీధి మలుపు తిరిగాడు.

సాయంత్రం అతడు మూతి తుడుచుకుంటూ వచ్చాడు. "మస్తు మర్యాద చేసిన్రు సేట్. మూడిండ్లల్ల మిఠాయి తినిపిచ్చిన్రు."

ముగ్గురూ సన్మానం తమకేననుకున్నారని భద్రయ్యకు అర్థమైంది. చూపుకు పంపిన సరుక్కి ఎవరూ మిఠాయి పెట్టరు.

మర్నాటికి కబుర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. లెక్కలు చెప్పే మధుసూదన్ గారి శిష్యులు పూలదండలకు పురమాయించారు. చరిత్ర చెప్పే చాంద్‌పాషా సాబ్ చుట్టాలు మల్కాజ్‌గిరి నుంచి బయల్దేరుతున్నారు. ఇంగ్లీషు చెప్పే మిస్ మేబెల్ తండ్రి బొల్లారం నుంచి బ్యాండు మేళం తెస్తున్నాడు.

శాలువాలు వెనక్కి తేవడానికి భద్రయ్యే బయల్దేరాడు. మొదటి గడప చాంద్‌పాషాది. ఆయన లోపలి గదిలో శాలువాను భూతద్దం పెట్టి చూస్తున్నాడు. ఎంత మురిసిపోతున్నాడో అనుకున్నాడు భద్రయ్య. ఈలోగా ఆయన భార్య నజ్మున్నీసా షర్బతు తెచ్చింది.

"అన్నా, ఇరవై ఏండ్ల సంది ఈయన బన్సీలాల్‌పేట్ పాతకాలం బావి రాళ్లు కొలుస్తుంటే మావోళ్లంత నవ్విన్రు. శాలువా చూసినంక ఒక్కరు సుత నోరు తెరుస్తలేరు. అల్లా మిమ్ముల సల్లగ సూడాలె!"

ఆ మాట విన్నాక శాలువా ఇమ్మని అడిగే నోరు ఎవరికుంటుంది? మిగతా ఇళ్లకు వెళ్లే ధైర్యమూ పోయింది.

"తెచ్చిన్రా?" అని అడిగింది పుష్పమ్మ.

"షర్బతు తాగొచ్చిన."

ఆదివారం సంఘం హాలు ముందు మూడు టాంగాలు ఆగాయి. వెనక బ్యాండు. ముగ్గురి భుజాల మీదా మూడు శాలువాలు. భద్రయ్య వాళ్లను వరండాలోకి తీసుకుపోయి, చివరి ఎత్తు వేశాడు.

"ముగ్గురికీ ఇస్తం. మధుసూదన్ గారికి చదువు చెప్పినందుకు..."

"అంటే నాకు పరిశోధన రాదనా సేటుగారూ?"

"చాంద్‌పాషా సాబ్‌కు పరిశోధనకు..."

"అంటే నా క్లాసుల పోరగాళ్లు నిద్రపోతరనా భద్రయ్య భాయ్?"

"మరి నాకు దేనికి?" అంది మేబెల్. "బ్యాండు తెచ్చినందుకా?"

నలుగురూ లోపలికి వచ్చేసరికి వేదిక మీద ఆర్థర్ దొర గడియారం చూసుకున్నాడు. "భద్రయ్యగారూ, ఇంతకూ ఎవరు?"

రెండు వందల గౌన్లు రెక్కలు కట్టుకుని ఎగిరిపోతున్నట్టు కనిపించాయి భద్రయ్యకు. ఇక దాచి లాభం లేదని మైకు పట్టుకున్నాడు. "తప్పు నాదే. చీరలు పంపినట్టు శాలువాలు చూపుకు పంపిన. మీరంత మంచిగ చూసి తిప్పి పంపుతరనుకున్న."

చాంద్‌పాషా లేచాడు. "చూడమన్నరు గద. చూసినం. నిన్న స్టాఫ్ రూముల మూడు శాలువాలు ఒక్కకాడ కలిసినయి. అప్పుడే సమజైంది."

ఆయన భూతద్దం కింద అంచున చెరిపేసిన మిల్లు ముద్ర దొరికిందట. మధుసూదన్ అంగుళానికి ఎన్ని పోగులో లెక్కగట్టాడు. మగ్గం నేతకూ మిల్లు నేతకూ తేడా ఏమిటో అక్కడికక్కడే చెబితే, చివరి వరసలో నిలబడ్డ తుకారాం కూడా "ఓహో" అన్నాడు. మేబెల్ ఆ సంగతంతా మూడు పేజీల వ్యాసంగా రాసి తెచ్చి దొరగారి చేతికిచ్చింది. వరండాలో జరిగిన తగువు కూడా ముందే అనుకుని ఆడిన నాటకమని అప్పుడు తెలిసింది.

హాలంతా నవ్వింది, మొదటి వరస తప్ప. అక్కడ కూర్చున్న వర్తకుల దుకాణాల నిండా అలాంటి కాశ్మీరే ఉంది.

పోయిన పరువు ఎలాగూ పోయింది. భద్రయ్య గొంతు పెంచాడు. "శాలువా అబద్ధమే! నా నల్ల గుడ్డ మాత్రం నిజం. అది సుత చూడుండ్రి!"

తుకారాం పరుగున వెళ్లి దుకాణం నుంచి నల్ల తాను తెచ్చాడు. చాంద్‌పాషా అయిదు నిమిషాలు భూతద్దం దించలేదు.

"అసల్ మాల్," అన్నాడు చివరికి. "ఉన్ని అసలుది, రంగు అసలుది."

"మా చాంద్‌పాషా గారు పరీక్షించాక నేను వేరే చూసేదేముంది?" అన్నాడు ఆర్థర్ దొర. గౌన్ల ఆర్డరు అక్కడే రాసిచ్చాడు. భద్రయ్య ముగ్గురికీ శాలువాలు మళ్లీ కప్పాడు, ఈసారి "అమృత్‌సర్ శాలువా" అని మూడుసార్లు మైకులో చెప్పి మరీ. నజ్మున్నీసా తన చుట్టాల వైపు తిరిగి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

నెల తిరిగేసరికి లెక్క ఇలా తేలింది. నల్ల తాన్లు ఇరవయ్యీ పోయాయి. "చాంద్‌పాషా సాబ్ చూసిండా?" అని అడగకుండా బజారులో ఎవరూ శాలువా కొనడం లేదు. అందుకు సంఘం భద్రయ్యను కార్యదర్శి పదవి నుంచి తీసేసింది. రోజూ మధ్యాహ్నం వచ్చి ఆయన ఖర్చుతో చాయ్ తాగి, గంటసేపు కూర్చుని పోయే ఇద్దరు షావుకార్లు కోపంతో రావడం మానేశారు. దాన్ని కూడా భద్రయ్య లాభంలోనే వేసుకున్నాడు.