మ్యూరియెల్ టాస్కర్ మెట్లెక్కని మహాయుద్ధము

శుభమగుగాక సముద్రపు గాలికి. అంతకంటె శుభమగుగాక ఆ గాలికి కీళ్లు పట్టుకుపోయినవారికి. ఉత్తర సముద్రము మూడుపాళ్లు ఉప్పును ఒకపాలు వానను కలిపి ఊరిమీద చల్లుచుండగా, నవంబరు మాసమున, మంగళవారమున, ఉదయము పది గంటల నలుబది నిమిషములనెడి సుముహూర్తమున, గ్రిమ్స్‌బీ పట్టణమందు, ఎన్నడో మూతపడిన తివాచీల దుకాణమునకు పైన రెండవ అంతస్తున వెలసియున్న ఆరోగ్యపరీక్షా కార్యాలయపు ద్వారమున ఒక టాక్సీ ఆగెను. అందుండి మొదట ఒక చేతికర్ర, పిమ్మట ఒక కాలు, చాలసేపటికి రెండవకాలు, కట్టకడపట మ్యూరియెల్ టాస్కర్ అను వీరనారి భూమిపై అవతరించెను.

ఎవరీ మ్యూరియెల్ అందురా? ముప్పదియొక్క సంవత్సరములు రేవుకడ చేపల షెడ్డునందు మంచునీట మణికట్లు ముంచి నిలబడి, ఒక హాడక్ చేపను తొమ్మిది సెకండ్లలో ముల్లు మిగలకుండ విడదీసిన ఖడ్గధారిణి. ఒంట్లో బాగులేదని ఒక్కనాడైనను సెలవడిగి యెరుగని కర్మయోగిని. ఇప్పుడు యాబదితొమ్మిదవయేట, కీళ్లవాతము చేతివ్రేళ్లను కొక్కెములవలె వంచివేయగా, ఎడమ తుంటి అరిగిపోగా, కోటు బొత్తాము పెట్టుకొనుటకు ఆడపడుచు రాకకై గుమ్మమువైపు చూచునట్టిది. ఆ ఆడపడుచు పేరు ఎనిడ్. వయస్సు డెబ్బది. చెవిలో వినికిడి యంత్రము కలదు. నోటికి యంత్రమేమియు అక్కరలేదు. అన్న పోయిన నాటినుండి వదినను ఒంటరిగా ఏ ఆఫీసుకును పంపనని ఒట్టుపెట్టుకొన్నదగుటచే, టాక్సీ రెండవ తలుపునుండి ఆమెయు దిగెను.

వారేల వచ్చిరనగా: నయముకాని రోగము ఇంకను నయముకాలేదని రెండేండ్లకొకసారి ఋజువు చేసికొనవలెనని ప్రభుత్వమువారి ఆన. మ్యూరియెలు వ్యాధిని పదునాలుగేండ్లుగా ఎరిగిన వైద్యుడు వ్రాసియిచ్చిన ఉత్తరము చాలదు; తుంటి ఎక్స్‌రే చాలదు; వంగని వ్రేళ్లతో పదకొండు దినములు కూర్చుండి నింపిన నలుబది పేజీల ఫారము అసలే చాలదు. ఆమెను ఎన్నడును చూచియెరుగని యొకడు ఒక గంటసేపు చూచి తేల్చినగాని అనారోగ్య భత్యము నిలువదు. ఆ తేల్చు పనిని ప్రభుత్వమువారొక కంపెనీకి గుత్తకిచ్చిరి. ఆ కంపెనీ నామమిచట ఉచ్చరింపబడదు. దానికిదివరకే కావలసినంత కీర్తి కలదు. "పదకొండు గంటలకు హాజరు కానిచో భత్యము నిలిపివేయబడును" అని వారి ఆహ్వానపత్రిక మిక్కిలి ఆప్యాయముగా పలికియుండెను. ఆ భత్యమే మ్యూరియెలు గదికి వెచ్చదనము, ఆసుపత్రికి టాక్సీ, ఆమె ఒంటరి బ్రతుకునకు ఆనుకొను గోడ.

అట్లు లోనికి ప్రవేశించిన ఆ యిరువురకును ఎదురుగా లిఫ్టు కనబడెను. లిఫ్టు తలుపుమీద ఒక కాగితము కనబడెను. "తాత్కాలికముగా పనిచేయుటలేదు" అను ఆ కాగితము పసుపువన్నెకు తిరిగి, అంచులు చుట్టుకొని, ఎన్ని ఋతువులను చూచినదో తానే చెప్పుచుండెను. లిఫ్టు ప్రక్కన మెట్లు. ముప్పదినాలుగు. నిటారైనవి, నున్ననివి, నిర్దయములు.

మ్యూరియెల్ ఈ విపత్తును ఊహింపకపోలేదు. మూడు దినములకు ముందే ఫోను చేసి, నలుబదియేడు నిమిషములు సంగీతమాలకించి, తుదకొక మానవకంఠమును చేరి, లిఫ్టు సంగతి అడిగియుండెను. తమ రికార్డులలో లిఫ్టు పనిచేయుచున్నదనియు, కావున అది పనిచేయుచున్నదనియు ఆ కంఠము సెలవిచ్చెను.

గుమ్మముకడ బల్ల వెనుక కూర్చున్న కాపలాదారు క్లైవ్ అనువాడు, పసుపుపచ్చ జాకెట్టు ధరించిన భారీకాయుడు, ముందుగా వారి పేర్లను, వచ్చిన వేళను తన రిజిస్టరునందు వ్రాసికొనెను. పిమ్మట పైకి ఫోను చేసి, ఒకామె మెట్లెక్కలేక క్రింద నున్నదని విన్నవించెను. విన్నవించి, చాలసేపు వినెను. రిసీవరు పెట్టివేసిన పిదప అతని ముఖమున సిగ్గు వంటిదేదో మెదలెను.

"పైకొచ్చి కౌంటర్ దగ్గర చెప్పుకోవాలంటున్నారండీ," అనెను.

"ఏమని?" అని మ్యూరియెల్ అడిగెను.

"పైకి రాలేనని."

ఎనిడ్ అతనివైపు తిరిగెను. "ఆ ముక్క ఇంకోసారి చెప్పు నాయనా. నా చెవి మెషీన్ బాగానే ఉందో లేదో చూసుకుంటా."

అతడు మరల చెప్పెను. మెషీను బాగుగనే యుండెను.

అంతట డెబ్బది వత్సరముల ఎనిడ్, వదినను గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండబెట్టి, చేతిసంచిని ఆమె ఒడిలో పెట్టి, కోటంచు పైకెత్తి, రాయబారమునకు బయలుదేరెను. మొదటి మలుపున ఆగెను. రెండవ మలుపున కూర్చుండెను. ఎట్టకేలకు శిఖరము చేరెను. పది నిమిషములకు, చెంపలు రెండును బీట్‌రూటు దుంపలవలె ఎర్రబడగా, దిగివచ్చెను. కౌంటరులోని పిల్ల మంచినీళ్లిచ్చినదనియు, ఎంతో జాలిపడినదనియు, అయినను భత్యము పొందు మనిషి స్వయముగా వచ్చి కనబడవలెనన్నదనియు, పదకొండు దాటినచో రానివారిని కంప్యూటరే రానివారిగా గుర్తించుకొనుననియు తెలిపెను.

"పిల్ల మంచిదే," అని ఎనిడ్ ఆయాసపడుచు ముగించెను. "కంప్యూటరే చెడ్డదట."

అప్పటికి గోడగడియారము పదకొండుకు రెండు నిమిషములు తక్కువగా చూపుచుండెను.

మ్యూరియెలు లోపల నేదో రగిలెను. ముప్పదియొక్క యేండ్లు ఎవ్వరిచేతను చేతకానిదని అనిపించుకొననిది ఆమె. జ్వరముతో నిలబడెను, భర్త దహనము ముగిసిన మరునాడు నిలబడెను. ఇపుడు ముప్పదినాలుగు మెట్ల యెదుట, వచ్చిపోవువారు చూచుచుండగా, సంచి నొడిలో పెట్టుకొని మూలనున్న పిల్లివలె కూర్చుండుటయా? ఆమె చేతికర్రను ఊని లేచెను.

"వెనక్కి తిరిగి కూర్చుని ఒక్కొక్క మెట్టే జరుగుతా, ఎనిడ్. చిన్నపిల్లల్లాగ. ఎంతసేపైతే అంతసేపు."

ఆమె మెట్లను సమీపించి ప్రక్కనున్న కమ్మీపై చేయి వేయబోవుచుండగా క్లైవ్ బల్ల వెనుకనుండి లేచివచ్చి, గొంతు తగ్గించెను.

"అమ్మా, ఇది నేను చెప్పకూడదు. అయినా చెప్తున్నా. పైన ఆ మూల కెమెరా ఉంది. మీరు ఎలా ఎక్కినా సరే, ఎవరి సాయం లేకుండా రెండంతస్తులు ఎక్కారనే రాస్తారు. కిందటి నెల ఒకాయన ఎక్కాడు. పైన పడిపోయాడు. ఎక్కాడనే రాశారు, పడ్డాడని రాయలేదు."

ఎక్కినచో ఆరోగ్యవంతురాలు, ఎక్కనిచో గైర్హాజరు. చరిత్రలోని కోటలన్నియు ఎక్కువారిని ఆపుటకై కట్టబడినవి. ఈ కోటయొక్కటే ఎక్కినవారిని ఓడించుటకై కట్టబడినది. మ్యూరియెల్ కమ్మీపైనుండి చేయి తీసివేసెను. ఆ చేయి తీయుటకు పట్టిన బలము ముప్పదియొక్క యేండ్లలో ఏ కత్తి నెత్తుటకును పట్టలేదు. గడియారము పదకొండాయెను. పైన నెక్కడనో కంప్యూటరు ఆమె లేదని నిశ్చయించుకొనెను.

తరువాత మ్యూరియెల్ అడిగినది ఒక్కటే ప్రశ్న: పైనున్నవారు మధ్యాహ్నము తిండికెక్కడికి పోవుదురు? ఎదురు వీధిలోని బేకరీకనియు, పన్నెండుంబావుకనియు, లిఫ్టు లేదు గావున ఈ మెట్లమీదుగనే దిగుదురనియు క్లైవ్ చెప్పెను. చెప్పి, అడుగకయే, గోడవారనున్న ఆ ప్లాస్టిక్ కుర్చీని తెచ్చి మొదటి మెట్టుకు సరిగ్గా ఎదురుగా వేసెను. అందు మ్యూరియెల్ ఆసీనురాలాయెను. ఇట్లు కోటముట్టడి ఆరంభమాయెను.

గంటంబావు కాలము ఆ వీరనారి కదలలేదు. కదలలేదనుట కవిసమయము, నిజమునకు తుంటినొప్పిచే ప్రతి అయిదు నిమిషములకును ఈ ప్రక్కకు, ఆ ప్రక్కకు ఒరుగుచునేయుండెను. తలుపు తెరచినప్పుడెల్ల సముద్రపు గాలి వచ్చి ఆమె మోకాళ్లను కుశలమడిగి పోవుచుండెను. ఎనిడ్ సంచిలోని జున్ను శాండ్‌విచ్చిని రెండు ముక్కలు చేసి, ఒకటి క్లైవునకిచ్చెను.

పన్నెండుంబావునకు మెట్లపై అడుగుల చప్పుడు వినవచ్చెను. దిగివచ్చినవాడు లైల్ ప్రిచెట్: వృత్తిచే ఫిజియోథెరపిస్టు, నియామకముచే పరీక్షాధికారి, ఆ క్షణమున ఆకలిచే సామాన్య మానవుడు. తుదిమెట్టున అతడు ఆగెను. ఆగక తప్పదు, దారిలేదు.

"నేను మ్యూరియెల్ టాస్కర్‌ని. నాది పదకొండింటి అపాయింట్‌మెంట్," అని ఆమె పలికెను.

"ఆవిడ రాలేదండి. సిస్టంలో ఉంది."

"సిస్టంలో లేను. కుర్చీలో ఉన్నాను. ముప్పై ఏళ్లు పనికి ఒక్క నిమిషం ఆలస్యంగా పోలేదు బాబూ నేను. ఇవాళ ఇరవై నిమిషాలు ముందొచ్చాను. మీరు పైన కూర్చుని నేను రాలేదని రాసుకున్నారు. కావాలంటే నా జబ్బు సంగతి మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి. వచ్చినదాన్ని రాలేదని మాత్రం రాయనివ్వను."

నియమములు తన చేతిలో లేవని ప్రిచెట్ గొణుగబోయెను. అంతలో క్లైవ్ రిజిస్టరును తెచ్చి అతని కనుల యెదుట తెరచి, పది నలుబది అని వ్రాసియున్న వరుసపై వ్రేలుంచెను. ఆ రిజిస్టరు భవనపు యజమానిదనియు, కంపెనీది కాదనియు, అందలి వ్రాత ఏ కంప్యూటరుకును చెరుగదనియు వినయముగా మనవి చేసెను. ప్రిచెట్ ఆ పుట చూచెను. వెనుకటి పుట త్రిప్పెను. దాని వెనుకటిదియు త్రిప్పెను. అక్కడక్కడ పేర్ల ప్రక్కన ఒక చిన్న గుర్తు ఉండెను.

"ఈ గుర్తేంటి?"

"ఇక్కడిదాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లు సార్. మీ దగ్గర వాళ్లు రానట్టు ఉంటారు."

ప్రిచెట్ ఆ గుర్తులను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకుండుటకై పుస్తకమును వేగముగా మూసెను. పిమ్మట బేకరీవైపు ఒక్కమారు చూచి, నిట్టూర్చి, వెనుదిరిగి, ముప్పదినాలుగు మెట్లను తానే యెక్కిపోయి, ల్యాప్‌టాప్ చేతబట్టి దిగివచ్చెను. కాపలాబల్ల పరీక్షాపీఠమాయెను. "హాజరు" అను మాట తెరపై వెలిగెను.

అంతట ప్రశ్నాస్త్రములు కురియజొచ్చెను. టీవీలో సీరియల్ చూతురా యని అతడడిగెను. చూతునని ఆమె ఒప్పుకొనెను. అతడు టకటక కొట్టుచుండగా ఎనిడ్ అతని భుజముమీదుగా తొంగిచూచి పైకి చదివెను: "'అరగంట కదలకుండా కూర్చోగలరు.' విన్నావా మ్యూరియెల్? ఇన్నాళ్లూ నువ్వు చూసింది సీరియల్ కాదు, పరీక్ష."

"సగం నిలబడి చూస్తాను," అని మ్యూరియెల్ తిన్నగా చెప్పెను. "తుంటి పట్టేస్తుంది. మిగతా సగం పక్కమీద పడుకుని వింటాను."

ఆ వాక్యము చెరిపివేయబడెను. బల్లమీది పెన్ను తీయుడని అతడనెను. వంగని వ్రేళ్లతో పెన్ను లేవదు గావున, ఆమె దానిని అరచేతి అంచుతో బల్లకొసవరకు నెట్టి, జారిపడుచుండగా రెండవ అరచేతియందు పట్టెను. "తీశారు" అని అతడు కొట్టెను. తీయలేదనియు, పడబోవుదానిని పట్టితిననియు, షెడ్డులో జారిపోవు చేపను పట్టు పద్ధతి అదియేననియు ఆమె వివరించెను. అదియు మారెను. ఇట్లు వాక్యము వెంట వాక్యము, దెబ్బకు ప్రతిదెబ్బగా, తుదకు మెట్ల గడి వచ్చెను. అతడందు "మెట్లు ఎక్కలేదు" అని వ్రాసెను.

ఎనిడ్ చదివెను. మ్యూరియెల్ కుర్చీలో నిటారాయెను.

"ఎక్కలేదు కాదు. ఎక్కలేరు."

వారి భాషలో అదొక చిన్నమాట. మన భాషలో నైతే ఒక్క అక్షరము. ఆ యొక్క అక్షరముపై ఇరుపక్షములును మోహరించినవి.

"మీరు ఎక్కలేదు కదండీ. నేను చూసిందే రాయాలి. ఎక్కలేకపోవడం నేను చూడలేదు."

"ఎక్కలేదంటే బద్ధకం, బాబూ. మీరివాళ భోంచెయ్యలేదు. అంటే మీకు తినడం చేతకాదనా?"

ప్రిచెట్టు కడుపు ఆ మాటకు సాక్ష్యము పలికెను. కాని అతని వ్రేలు కదలలేదు. చూడనిది వ్రాసినచో పైవారు త్రిప్పికొట్టుదురని అతడు చెప్పెను, ఈసారి నిజముగనే బాధపడుచు.

మ్యూరియెల్ కర్రను ఎనిడ్ చేతికిచ్చి, లేచి, మెట్లకడకు పోయెను. కమ్మీపై చేయి వేసెను. వ్రేళ్లు దానిచుట్టు మూసికొనలేదు, పైన ఊరక ఆనియుండెను. ఎడమకాలెత్తెను. మొదటి మెట్టు ఏడంగుళముల ఎత్తు. కాలు మూడంగుళములు లేచి అచ్చట నిలిచెను. అది వణకుచుండెను. ఆమె దవడ బిగిసెను, మెడనరములు తేలెను. మూడంగుళములు నాలుగు కాలేదు. ఆమె మోసము చేయుటలేదు, తక్కువచేసి చూపుటలేదు. తన ముప్పదియొక్క యేండ్ల మొండితనమంతయు పెట్టి, నిజముగ ఎక్కవలెననియే ప్రయత్నించుచున్నది. చూచుచున్న ముగ్గురకును అది తెలిసెను. క్లైవ్ వచ్చి ఆమె వెనుక చేతులు చాచి నిలబడెను.

"చాలు," అనెను ప్రిచెట్. "చాలండి. కూర్చోండి."

ఆమె కూర్చుండి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెను. తన చేతకానితనమును తొలిసారి పరాయివాని యెదుట తనచేతులార నిరూపించినది; గెలిచినందుకు ఏడ్పు వచ్చుట ఆమెకు నచ్చలేదు. ఎనిడ్ రుమాలు తీసియిచ్చెను. కంప్యూటరునందు ఒక మీట నొక్కిన చప్పుడు, మరియొక మీట నొక్కిన చప్పుడు వినవచ్చెను.

ఏడు వారములకు ఉత్తరము వచ్చెను. భత్యము మరి రెండేండ్లు నిలిచెను. పిమ్మట మరల పిలుతురట, వ్యాధి ఏమైన మనసు మార్చుకొన్నదేమో చూచుటకు. ఎనిడ్ ఉత్తరమును పైకి చదివెను. కారణముల పట్టికయందు వైద్యుని ఉత్తరపు ప్రస్తావన లేదు, ఎక్స్‌రే లేదు, నలుబది పేజీల ఫారము లేదు. ఒకే వాక్యముండెను: "మెట్లు ఎక్కలేరు."

"ఇంకోసారి చదువు," అని మ్యూరియెల్ అనెను.

ఎల్లరు విందురుగాక: ముప్పదినాలుగు మెట్లలో ఒక్కదానినైనను ఎక్కక, ప్రభుత్వమును, కంపెనీని, కంప్యూటరును ఒక ప్లాస్టిక్ కుర్చీనుండి ఎదుర్కొని, గ్రిమ్స్‌బీ పురవాసిని మ్యూరియెల్ టాస్కర్ దకారమును కూల్చి రకారమును నిలిపెను.